నాన్న బీడ్ గ్రిఫిత్స్‌ను గురువంటున్నారు: ఈ బెనెడిక్టైన్ సన్యాసి మనుషులను ఎటు నడిపించారు?

ఫిరంగిపురం_ఆడపడుచు
మాది తరతరాల కథోలిక కుటుంబం. నాన్న లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. ఆ మధ్య ఒక పాత స్నేహితుడితో కలిసి తమిళనాడులో కుళిత్తలై దగ్గరున్న శాంతివనం ఆశ్రమానికి వెళ్ళి వచ్చారు. అక్కడి నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో మొదలైంది. ఇప్పుడు తెల్లవారకముందే లేచి వరండాలో చాప పరచుకుని గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. సాయంత్రం మళ్ళీ అంతే. జపమాల మానలేదు, ఆదివారం పూజ మానలేదు. కానీ బైబిలు పక్కన కఠోపనిషత్తు చేరింది. ఎవరడిగినా “బీడ్ గ్రిఫిత్స్ నా గురువు” అంటున్నారు. ఆయనేమో 1993లో పోయిన ఇంగ్లిషు సన్యాసి. కళ్ళతో చూడని మనిషి గురువెలా అవుతాడు?

మా విచారణలో, అంటే మా చర్చి పారిష్‌లో, పెద్దలు గుసగుసలాడుతున్నారు. మా ఆయనైతే “మామయ్యగారు మతం మారిపోయారు” అని తేల్చేశారు. అమ్మ ఏడుస్తోంది. నాన్నతో గొడవపడాలని నాకు లేదు, అలాగని చూస్తూ ఊరుకోనూ లేను. ఈ మనిషి ఎలాంటివాడు, తన దగ్గరికి వచ్చినవాళ్ళను ఎటు నడిపించాడు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పాతపుస్తకం
ముందు మనిషెవరో చెబుతాను. అసలు పేరు అలన్ రిచర్డ్ గ్రిఫిత్స్. 1906లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో ఆయనకు సాహిత్యం చెప్పినవారు సి.ఎస్. లూయిస్. అప్పట్లో గురుశిష్యులిద్దరికీ క్రైస్తవం మీద నమ్మకం అంతంత మాత్రమే. ఉత్తరాల్లో వాదించుకుంటూ ఇంచుమించు ఒకే కాలంలో ఇద్దరూ విశ్వాసంలోకి వచ్చారు. లూయిస్ ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చిలో) నిలిచారు, ఈయన కథోలికులయ్యారు.

అంతకుముందు 1930లో ఇద్దరు మిత్రులతో కలిసి కాట్స్‌వోల్డ్ కొండల్లో ఒక పల్లెటూరి ఇంట్లో కాపురం పెట్టారు. యంత్రయుగం తెచ్చిన సౌకర్యాలేవీ వద్దనుకుని, ఆవులను మేపుకుని, పాలమ్ముకుని బతికారు. ఏడాది తిరక్కుండానే అది ముగిసింది. కానీ రోజూ బైబిలు చదివే అలవాటు అక్కడే పట్టుకుంది. తర్వాత పునీత బెనెడిక్టు నియమావళి పాటించే ప్రింక్‌నాష్ బెనెడిక్టైన్ మఠంలో చేరి బీడ్ అన్న పేరు తీసుకున్నారు. 1940లో గురుపట్టం, అంటే ఫాదర్ అయ్యారు. 1955లో భారతదేశం వచ్చారు. నా ఆత్మలోని రెండో సగాన్ని వెతుక్కోవడానికి వెళుతున్నానని బయలుదేరేముందు ఒక మిత్రుడికి రాశారు. 1958లో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ఆచార్యతో కలిసి కేరళ కొండల్లో కురిశుమల ఆశ్రమం పెట్టారు. 1968లో శాంతివనానికి వచ్చి, 1993 మే 13న అక్కడే కన్నుమూశారు.

మీకు ముఖ్యమైన మాట ఇది: చివరిదాకా ఆయన కథోలిక ఫాదరే, బెనెడిక్టైన్ సన్యాసే. మతం మారలేదు, మారమని ఎవరికీ చెప్పలేదు.

ధర్మపథం72
పాతపుస్తకం గారు ఒక పెద్ద విషయం దాటేశారు. సిలువ మధ్యలో ఓంకారం పెట్టడం, మందిరానికి గోపురం కట్టడం, ప్రార్థనలో హారతి ఇవ్వడం, కాషాయం కట్టడం. ఇదంతా ఎందుకు? హిందూ పక్షాన రాసే సీతారాం గోయల్ 1988లో కథోలిక ఆశ్రమాల మీద ఒక పుస్తకమే తెచ్చారు. అందులో బీడ్ గ్రిఫిత్స్‌కూ ఒక హిందూ సన్యాసికీ నడిచిన ఉత్తరాల వాదం ఉంది. చదవండి. సన్యాసం మా సంప్రదాయంలో ఒక దీక్ష. నచ్చిన బట్ట కట్టుకున్నంత తేలిక కాదు. ఆయన మంచివాడు కావచ్చు. కానీ ఇంటి యజమానిని అడగకుండా పూజగదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది మాకు.

పాతపుస్తకం
దాటేయలేదు, దానికే వస్తున్నాను. శాంతివనం బీడ్ పెట్టింది కాదు. 1950 మార్చి 21న, అంటే పునీత బెనెడిక్టు పండుగ రోజున, ఇద్దరు ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టారు. ఒకరు జూల్స్ మోన్షనాన్ అనే ఫాదర్, రెండోవారు ఆన్రి లె సో అనే బెనెడిక్టైన్ సన్యాసి. ఈయనే అభిషిక్తానంద. కాషాయం, కావేరి ఒడ్డు, ఆశ్రమానికి సచ్చిదానంద అన్న పేరు అన్నీ వాళ్ళ కాలానివి. మోన్షనాన్ 1957లో పోయారు. అభిషిక్తానంద 1968లో ఉత్తరకాశి వెళుతూ ఆశ్రమాన్ని బీడ్‌కు అప్పగించారు.

గోయల్ వాదంలో బలం లేదని అనను. మతమార్పిడికి కొత్త వేషం అన్న అనుమానం ఊరికే పుట్టలేదు. 1606లో మదురై వచ్చిన యేసుసభ మిషనరీ రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టింది మార్పిడి కోసమే. ఆయనకు తమిళం, సంస్కృతంతో పాటు మన తెలుగూ వచ్చు. కానీ బీడ్ దగ్గరికి వచ్చిన హిందువులకు జ్ఞానస్నానం ఇచ్చే పనిగా శాంతివనం నడవలేదు. అక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చర్చికి దూరమైన పాశ్చాత్యులు. వాళ్ళను తిరిగి లోపలికి చూడమన్నాడాయన.

ధర్మపథం72
ఉద్దేశం మంచిదైనంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు. నా మాట మీద నేను ఉన్నాను.

నిమ్మతోట
ఆడపడుచు గారూ, గంటసేపు కదలకుండా కూర్చునే లెక్కల మాస్టారు! మా మాస్టారు గంటలో బెత్తం కింద పెట్టిన క్షణం లేదు. నాన్నగారిని కొంచెం వదిలేయండి.

అరుణగిరి_రాజు
అభిషిక్తానంద పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. ఆయన 1949 జనవరిలో తిరువణ్ణామలై వచ్చి రమణ మహర్షిని చూశారు. మొదటి దర్శనంలో తాను ఎదురుచూసినదేమీ కనబడలేదని ఆయనే రాసుకున్నారు. జ్వరం తగిలింది. ఆ జ్వరంలోనే మహర్షి రూపం వదలకుండా వెంటాడింది. 1950 ఏప్రిల్‌లో మహర్షి శరీరం విడిచాక కూడా మళ్ళీ మళ్ళీ అరుణాచలం వచ్చి గుహల్లో మౌనంగా ఉన్నారు. మన చలం గారు విజయవాడ వదిలి అరుణాచలం చేరిందీ 1950లోనే.

తర్వాత తిరుక్కోయిలూరులో జ్ఞానానందగిరి స్వామిని గురువుగా స్వీకరించారు. ఒక పక్క అద్వైతం, ఒక పక్క రోజూ చేసే దివ్యబలిపూజ. రెండూ వదల్లేక ఆయన ఎంత నలిగారో డైరీ చదివితే తెలుస్తుంది. చాలా ఏళ్ళు నలిగారు. 1973 జూలైలో రిషీకేశ్ బజారులో గుండెపోటుతో పడిపోయారు, ఆ డిసెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో పోయారు. ఆ చివరి నెలల్లోనే ఆయన రాతలో నలుగుడు పోయి ఆనందం కనిపిస్తుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ దారిలో నలిగేవాళ్ళుంటారు, కుదుటపడేవాళ్ళుంటారు. మీ నాన్నగారు ఏ రకం? అది చూడండి ముందు.

ఫిరంగిపురం_ఆడపడుచు
రాజు గారూ, మంచి ప్రశ్న అడిగారు. నిజం చెప్పాలంటే నాన్న నలుగుతున్నట్టు లేరు. ఇదివరకు అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పైకప్పు లేచిపోయేది. ఇప్పుడు తిన్న కంచం తనే కడుక్కుంటున్నారు. పక్కింటివాళ్ళతో ప్రహరీ గోడ తగాదా ఎన్నో ఏళ్ళుగా నలుగుతోంది. మొన్న తనే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుని, “మీరు చెప్పేది మొత్తం చెప్పండి, మధ్యలో మాట్లాడను” అన్నారట. పక్కింటావిడ అమ్మతో చెప్పింది. గోడ అక్కడే ఉంది, తగాదా మాత్రం సగమైంది. అమ్మకు భయం దాని గురించి కాదు. చనిపోయాక స్మశానంలో చోటిస్తారా అని.

పాతపుస్తకం
అమ్మగారికి ధైర్యం చెప్పండి. మౌనంగా ధ్యానం చేసినందుకు, ఉపనిషత్తు చదివినందుకు ఏ విచారణలోనూ ఎవరినీ వెలివేయరు. 1965లో రెండో వాటికన్ సభ (కథోలిక బిషప్పుల ప్రపంచ మహాసభ) ఇతర మతాల్లోని సత్యమైన, పవిత్రమైన దేనినీ కథోలిక సంఘం తోసిపుచ్చదని ప్రకటించింది.

ఆ అరుగు సంగతి చదివి సంతోషించాను. బెనెడిక్టు నియమావళి మొదలయ్యేదే “వినుము” అన్న ఆజ్ఞతో. ముఖ్యమైన పని పడినప్పుడు మఠాధిపతి అందరినీ పిలిచి అడగాలని, చిన్నవాడి మాట కూడా వినాలని మూడో అధ్యాయంలో ఉంది. బీడ్ అందులో పెరిగిన మనిషి. ఆయన మార్గదర్శనం అంటే ముఖ్యంగా అదే. శాంతివనంలో తన గుడిసెలో కూర్చునేవారు, వచ్చినవాళ్ళు చెప్పుకునేది వినేవారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసేవారు.

గోదారోడు_కాదు
సాధన ఏమిటో చెప్పండి. వినడం సరే, రోజూ ఏం చేయమన్నారు?

మరనాథ_వినోద్
తెల్లవారుజామున ఒక గంట, సూర్యాస్తమయం వేళ ఒక గంట మౌనధ్యానం. మధ్యలో సమష్టి ప్రార్థనలు, పూజ, పని. బీడ్ దశాబ్దాల తరబడి జపించింది తూర్పు క్రైస్తవుల యేసు ప్రార్థన: “దేవుని కుమారుడవైన యేసుక్రీస్తు ప్రభువా, పాపినైన నన్ను కరుణించు.” ఆ జపం పెదవుల నుంచి మనసుకు, మనసు నుంచి హృదయంలోకి దిగాలి. మనిషి అంటే శరీరం, మనసు అనే రెండే కావు, వాటి వెనక ఆత్మ అనే మూడోది ఉంది, ధ్యానం అక్కడికి చేరడానికే అన్నది ఆయన బోధలో పదేపదే వస్తుంది. ఉపనిషత్తులు చెప్పే హృదయగుహ ఆయనకు అందుకే అంత ఇష్టం.

ఇంకొక బెనెడిక్టైన్‌ను కూడా చెప్పాలి. జాన్ మెయిన్ (1926–1982). మలయా (నేటి మలేషియా)లో ఉద్యోగం చేస్తుండగా స్వామి సత్యానంద దగ్గర మంత్రధ్యానం నేర్చుకున్నారు. తర్వాత లండన్‌లో ఈలింగ్ మఠంలో చేరితే, నవశిష్యుల గురువు ఆ ధ్యానం మానేయమన్నారు. మానేశారు! ఏళ్ళ తర్వాత, 5వ శతాబ్దపు సన్యాసి జాన్ కాస్సియన్ రచనల్లో అదే పద్ధతి, ఒక చిన్న వాక్యాన్ని విడవకుండా జపించడం, కనిపించింది. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. “మరనాథ” అన్న మాటతో ఉదయం, సాయంత్రం అరగంట. నా పేరు అందుకే. 1991లో జాన్ మెయిన్ స్మారక ప్రసంగాలు బీడ్ ఇచ్చారు.

నాకు మధుమేహం ఉంది, గంట కూర్చోలేను. అరగంట కుర్చీలో కూర్చుంటాను. చాప తప్పనిసరి కాదు.

నిమ్మతోట
మానేయమంటే మానేశాడు చూడండి, అక్కడ ఆగిపోయాను. మనకైతే పక్క గుంపులో చేరి కొత్త మఠం పెట్టేవాళ్ళం.

గుండ్లకమ్మ
అందరూ ఉపనిషత్తులు, గుహలు అంటున్నారు. నేను చెప్పాల్సింది వేరే.

మాది ఒంగోలు వైపు. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు రెండేళ్ళు ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని మావాళ్ళకు కూలి ఇప్పించాడు. మా పెద్దలు ఆ ఏట్లో దిగినవాళ్ళేనని ఇంట్లో చెప్పుకుంటాం. వేదం వినే హక్కు లేదన్న శాస్త్రం కింద అణిగి బతికినవాళ్ళకు యేసు దొరికింది ఆ శాస్త్రానికి బయట. ఆ పేరు పెట్టుకునే బడికి వెళ్ళారు, చెప్పులేసుకుని వీధిలో నడిచారు.

ఇప్పుడు ఒక ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు వచ్చి భారతీయ ఆత్మ అంటే సంస్కృతంలో ఉందంటే నేనెందుకు ఒప్పుకోవాలి? డప్పు భారతదేశం కాదా? మా అవ్వ పాడిన కీర్తన భారతదేశం కాదా? పాశ్చాత్యులకు ఆయన గొప్ప గురువే కావచ్చు. వాళ్ళకు మిగులు ఎక్కువై వెలితి తెలిసింది. మాకు వెలితి ఒక్కటే తెలుసు. దళిత వేదాంతులు 1980ల నుంచి ఇదే అడుగుతున్నారు, జవాబు ఇంకా రాలేదు.

ఆడపడుచు గారి నాన్నగారి మీద నాకేమీ కోపం లేదు. కానీ “భారతీయ క్రైస్తవం” అనగానే కాషాయం, గంధం మాత్రమే కనిపించడం నాకు బాధ.

కావేరిగట్టు
గుండ్లకమ్మ గారి మాట సూటిగా తగిలింది. నేను తిరుచ్చిలో ఉద్యోగం చేస్తాను, మాది నెల్లూరు. శాంతివనం దగ్గర కనుక అప్పుడప్పుడు వెళుతుంటాను. ఆశ్రమం చుట్టుపక్కల ఊళ్ళలోని పేదలకు ఇళ్ళు కట్టించడం, వృద్ధులకు ఆశ్రయం, పిల్లలకు పాలు వంటివి చాలా కాలంగా చేస్తోంది. వాళ్ళు కళ్ళు మూసుకుని మాత్రమే కూర్చోలేదు.

గుండ్లకమ్మ
పాలు పోసినందుకు సంతోషం. నేను అడిగింది పాల గురించి కాదు. మందిరంలో ఎవరి మాట దేవుడి మాటగా చదువుతారు అన్నది. పెట్టే చెయ్యి వేరు, పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యి వేరు.

ధర్మపథం72
ఈ విషయంలో గుండ్లకమ్మ గారూ నేనూ ఎదురెదురు కారణాలతో ఒకే చోటికి చేరాం. ఆయన తీసుకున్నది మాది, ఆమెకు అక్కరలేనిది.

గుండ్లకమ్మ
చేరలేదండీ. మీ పూజగది మీకే ఉండాలని మీరు. ఆ గది తలుపు ఎందుకు మూశారని నేను. చాలా తేడా ఉంది.

చర్చ_నిర్వాహకుడు
మతమార్పిడి లెక్కల మీద వచ్చిన కొన్ని జవాబులు తీసేశాను. అడిగిన విషయం మీద ఉండండి. పై ఇద్దరి మాటలూ విషయంలోనే ఉన్నాయి, కొనసాగించవచ్చు.

పటాన్‌చెరు_శెనగ
తెలంగాణతో ఉన్న ముడి ఒకటి చెబుతాను. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1974 నుంచి కొన్నేళ్ళు రూపర్ట్ షెల్‌డ్రేక్ అనే ఇంగ్లిషు జీవశాస్త్రవేత్త అక్కడ కంది, శెనగ పంటల శరీరధర్మశాస్త్రం మీద పనిచేశారు. నేను చేరేసరికే ఆయన పేరు కథల్లో వినడమే. కేంబ్రిడ్జిలో చదువుకునేటప్పుడు దేవుడు వద్దనుకున్న మనిషి. భారతదేశం వచ్చి ధ్యానం, యోగం, హైదరాబాదులో సూఫీలు, అన్నీ చూశారు. చూడగా చూడగా తన సొంత క్రైస్తవంలోకే తిరిగి వెళ్ళాలనిపించింది. అప్పుడు బీడ్ గ్రిఫిత్స్ పరిచయం. 1978లో ఉద్యోగం పక్కనపెట్టి శాంతివనం వెళ్ళి ఏడాదిన్నర అక్కడే ఉండి పుస్తకం రాశారు. 1981లో వచ్చిన ఆ పుస్తకాన్ని బీడ్‌కు అంకితమిచ్చారు. అందులోని సిద్ధాంతం మీద శాస్త్రవేత్తలు విరుచుకుపడ్డారు, నాకూ నమ్మకం కుదరలేదు. అది వేరే చర్చ.

నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఏడాదిన్నర కథోలిక ఆశ్రమంలో ఉన్న షెల్‌డ్రేక్ కథోలికుడు కాలేదు. తన ఆంగ్లికన్ సంఘంలోనే ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. శిష్యుడిని తన గూటికి లాక్కోని గురువు అరుదు.

నిమ్మతోట
శెనగ గారూ, ఇన్నాళ్ళూ మీ పేరు చూసి మీది పకోడీల కొట్టు అనుకున్నాను.

పటాన్‌చెరు_శెనగ
శెనగపిండి దాకా రాకముందు మొక్క ఉంటుంది బాబూ!

తుల్సా_పద్మ
నేనుండేది ఓక్లహోమాలో. తుల్సా పక్కనే శాండ్ స్ప్రింగ్స్‌లో అడవి మధ్య ఒక ఆశ్రమం ఉంది. సిస్టర్ పాస్కలీన్ కాఫ్ అనే బెనెడిక్టైన్ సన్యాసిని శాంతివనంలో కొంతకాలం ఉండి, తిరిగి వచ్చి, 1980లో దాన్ని మొదలుపెట్టారు. చెట్ల మధ్య చిన్న చిన్న కుటీరాలు, మధ్యలో నేల మీద కూర్చునే మందిరం. అమెరికా నడిబొడ్డున చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళే చర్చి అది! మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఆవిడ పక్కా వైష్ణవురాలు. గడపలో చెప్పుల వరస చూసి “మనవాళ్ళే” అని గబగబా లోపలికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. లేవమంటే లేవరే!

గుండ్లకమ్మ గారు చెప్పినదాంట్లో నిజముంది. ఇక్కడ వచ్చేవాళ్ళు ఎక్కువగా చదువుకున్న, సౌకర్యంగా ఉన్న తెల్లవాళ్ళే. అయినా వాళ్ళలో భర్త పోయినవాళ్ళు, తాగుడు మానుకుంటున్నవాళ్ళు ఎందరో. వాళ్ళ వెలితి కూడా వెలితే.

గుండ్లకమ్మ
కాదనను పద్మ గారూ.

మనోవైద్యం_కోటేశ్వర్
ఒక హెచ్చరిక. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒంటరిగా గంటలు గంటలు ధ్యానం చేసి నిద్ర పోగొట్టుకున్నవాళ్ళున్నారు. లోపల పాత దుఃఖం ఉంటే మౌనంలో అది పైకి లేస్తుంది. పక్కన అనుభవమున్న మనిషి ఉండాలి. మాస్టారు బాగానే ఉన్నట్టున్నారు. నిద్ర, తిండి, నలుగురితో మాట సరిగా ఉన్నంతవరకు కంగారు పడకండి. అవి తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

పాతపుస్తకం
డాక్టరు గారి మాట బెనెడిక్టు నియమావళిలోనూ ఉంది. ఒంటరిగా అడవికి పోయి తపస్సు చేసుకునేవాడు ముందు మఠంలో నలుగురి మధ్య చాలాకాలం పరీక్షకు నిలిచి ఉండాలని మొదటి అధ్యాయమే చెబుతుంది. మాస్టారి గురువు పుస్తకంలో ఉన్నా, పక్కన బతికున్న తోడు ఒకరు ఉండాలి. మొదట శాంతివనం వెళ్ళినప్పుడు తోడు వచ్చిన స్నేహితుడు ఉన్నారు కదా?

ఫిరంగిపురం_ఆడపడుచు
ఉన్నారు. ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ మా అరుగు మీదే కూర్చుంటారు. ఆయన పోస్టాఫీసులో పనిచేశారు, మాటకారి. నాన్నకు మంచి జోడు.

ఇంకొక సందేహం. మా చర్చి ఫాదర్లలో ఒకరు, పెద్దాయన, రోమ్ నుంచే ఈ ధ్యానాలకు వ్యతిరేకంగా లేఖ వచ్చిందన్నారు. నిజమా?

మరనాథ_వినోద్
1989 అక్టోబరులో వచ్చింది. వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత మండలి పంపిన లేఖ, దానికి అధిపతి అప్పటి కార్డినల్ రాట్జింగర్, తర్వాతి 16వ బెనెడిక్టు పాపుగారు. అది నిషేధం కాదు, జాగ్రత్తలు చెప్పింది. తూర్పుదేశాల పద్ధతులను ఆలోచించకుండా క్రైస్తవ ప్రార్థనతో కలిపేయవద్దని, శరీరానికి కలిగే హాయిని పరిశుద్ధాత్మ అనుభవమని పొరబడవద్దని. అదే లేఖ ఇతర మతాల్లో ఉపయోగపడేవి తీసుకోవచ్చనీ అంది. బీడ్ దాన్ని బహిరంగంగానే విమర్శించారు, ఆ ధ్యాన సంప్రదాయాలను లోతుగా ఎరిగి రాసింది కాదన్నారు. విమర్శించి కూడా సంఘం లోపలే ఉన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

అరుణగిరి_రాజు
ఆయన చివరి సంగతి ఎవరూ చెప్పలేదు. 1990 జనవరిలో గుడిసె వరండాలో కూర్చుని ఉండగా పక్షవాతం కొట్టింది. అప్పటికి 83 ఏళ్ళు. చనిపోతారనుకుని అంత్య అభ్యంగనం కూడా ఇచ్చారు. కొన్ని రోజులకు తేరుకున్నాక ఆయన చెప్పుకున్నది ఏమిటంటే, తల్లికి లొంగిపో అన్న ప్రేరణ కలిగిందని, వెంటనే ప్రేమ అలలుగా ముంచెత్తిందని. జీవితమంతా తెలివితో, తర్కంతో బతికినవాడిని, ఇప్పుడు స్త్రీత్వం నాలో మేల్కొంది అన్నారు. ఆ తర్వాత మూడేళ్ళు దేశదేశాలు తిరిగి మాట్లాడారు. ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు చివరికి చేరిన చోటు అది. అరుణాచలంలో రమణ మహర్షి రాసిన అక్షరమణమాల పాడేవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

ధర్మపథం72
అమ్మకు లొంగిపోవడం దగ్గర నాకు ఆయనతో పేచీ లేదు. ఓంకారం సిలువ మీద వద్దు, అంతే.

కాకినాడ_సత్యం
కొత్తగా చేరాను, మొత్తం చదివాను. నేను హిందువును. గీత మీద ఆయన వ్యాఖ్యానం ఉందని విన్నాను. చదవదగ్గదేనా?

పాతపుస్తకం
ఉంది, 1987లో వచ్చింది. శాంతివనంలో చేసిన ప్రసంగాలే పుస్తకమయ్యాయి. ఆత్మకథ మాత్రం 1954లోనే, ఇండియా రాకముందే రాశారు. నన్నడిగితే ముందు ఆత్మకథ. బడిలో చివరి రోజుల్లో ఒక సాయంత్రం ఒంటరిగా నడుస్తూ పక్షుల పాట విని నిలబడిపోయిన ఘట్టంతో మొదలవుతుంది. కథోలికుడవుతాడన్న ఊహే తల్లిని ఎంత బాధపెట్టిందో కూడా అందులో ఉంది. ఆడపడుచు గారూ, ఆ పేజీలు మీ అమ్మగారికి చదివి వినిపించండి. మతం విషయంలో ఇంట్లో ఒకరు ముందుకు నడిస్తే మిగిలినవాళ్ళకు ఎలా ఉంటుందో ఆ కొడుకుకు తెలుసు.

గుండ్లకమ్మ
సత్యం గారు అడిగినట్టే నేనూ ఒకటి అడుగుతాను, ఆడపడుచు గారి ద్వారా మాస్టారిని. మన తెలుగులోనే 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను “వేదాంత రసాయనము” అని ప్రబంధంగా రాశాడు. పండితుల పద్ధతి అది. ఇటు పురుషోత్తమ చౌధరి కీర్తనలు మా వాడల్లో చదువురానివాళ్ళు కూడా నోటికి పాడతారు. మాస్టారు మౌనం ముగించి లేచాక ఒక కీర్తన గట్టిగా పాడగలరా? పాడితే నాకు వారి గురువు మీద సగం పేచీ పోతుంది.

ఫిరంగిపురం_ఆడపడుచు
గుండ్లకమ్మ గారూ, ఇప్పుడే వెళ్ళి నాన్నకు చదివి వినిపించాను. మీ మొదటి జవాబు రెండుసార్లు చదివించుకున్నారు. “ఆ అమ్మాయి చెప్పింది సరైన మాట, జవాబు నా దగ్గర లేదు, ఆమె దగ్గర నేర్చుకోవాలి” అన్నారు. కీర్తనకు మాత్రం, గొంతు బాగుండదు, వాళ్ళు వినలేరు అన్నారు. అమ్మ లోపల్నుంచి “అది నిజమే” అంది.

గుండ్లకమ్మ
గొంతు మాకెవరికీ బాగుండదు. గుంపులో పాడితే ఎవరిదో తెలియదు. ఒంగోలు వస్తే మా ఇంటికి రమ్మనండి, అమ్మగారిని కూడా.

కాకినాడ_సత్యం
కావేరిగట్టు గారూ, శాంతివనానికి హిందువులను రానిస్తారా? ఎలా వెళ్ళాలి?

కావేరిగట్టు
అందరినీ రానిస్తారు. అతిథిని క్రీస్తులాగే ఆదరించాలన్నది బెనెడిక్టు నియమం, 53వ అధ్యాయం. తిరుచ్చి నుంచి కరూరు వెళ్ళే బస్సు గానీ, ఈరోడు వైపు పాసింజరు గానీ ఎక్కి కుళిత్తలైలో దిగండి. ఊరికి దగ్గరే, తణ్ణీర్‌పళ్ళి అంటే ఆటోవాళ్ళకు తెలుస్తుంది. ఉండాలనుకుంటే ముందే ఉత్తరమో ఫోనో చేయండి, చలికాలంలో విదేశీయులతో గదులు నిండిపోతాయి. గదులు సాదాగా ఉంటాయి, భోజనం నేల మీద కూర్చుని, శాకాహారం. ప్రార్థనలో వేదం, గీత, ఖురాన్, బైబిలు అన్నిటి నుంచీ చదువుతారు. ఉదయం గంధం, మధ్యాహ్నం కుంకుమ, సాయంత్రం విభూతి ఇస్తారు. పెట్టుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. దోమతెర తప్పకుండా పట్టుకెళ్ళండి.